రెండో పుస్తకం దాకా బతికే ఆడమనిషి

నలుగురి చేతా పుస్తకాలు చదివించడమే పనిగా పెట్టుకున్న మనిషి పేరున స్మారక సమితి సూర్యాపేటలో జరుపుతున్న సభ ఇది. ఆ ధైర్యంతోనే, సాహిత్య సభల్లో మామూలుగా గడప తొక్కనివ్వని పుస్తకాల గురించి మాట్లాడబోతున్నాను. అవి నేరపరిశోధన నవలలు. అందులోనూ ఒకే కథానాయిక పుస్తకం వెంట పుస్తకంగా నడిపించుకుపోయే సిరీస్‌లు. అద్దె పుస్తకాల కొట్టు సరుకని, బస్టాండు సరుకని విమర్శకులు వీటిని పక్కన పెట్టారు. పాఠకులు పెట్టలేదు. నా వాదన ఒక్కటే. ఒక కథానాయిక బలమైనదా కాదా అని తేల్చడానికి ఆమె ఎంతమందిని కొట్టిందో, ఎంత ఘాటుగా మాట్లాడిందో చూడటం మనకు అలవాటైపోయింది. ఆ రెండూ పక్కన పెట్టి, ఆమె రెండో పుస్తకంలో ఉందా లేదా అని చూడమంటాను. మొదటి కేసు ముగిశాక ఆమెకు ఇంకో తెల్లవారు ఉందా? పెళ్లయితే ఉద్యోగం మిగిలిందా? దెబ్బ తగిలితే ఆ దెబ్బ గుర్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు సిరీస్‌లో దొరికినట్టు విడి నవలలో దొరకదు.

మన లెక్క చూద్దాం. తెలుగులో డిటెక్టివ్ సాహిత్యం గత శతాబ్దం మొదట్లో, పాంచకడీ దేవ్ వంటి బెంగాలీ రచయితల అనువాదాలతో అడుగుపెట్టింది. సొంతగా కాళ్లూని నిలబడింది కొమ్మూరి సాంబశివరావు కాలంలో. ఆయన సృష్టించిన యుగంధర్, అసిస్టెంట్ రాజు తెలుగిళ్లలో చుట్టాలంత పరిచయమైపోయారు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ ఎవరి దారిలో వాళ్లు రాశారు. తర్వాత మధుబాబు షాడో వచ్చి ఆ అరలన్నీ ఆక్రమించాడు. యుగంధర్‌ని ఎన్నిసార్లు తుపాకీ గురిపెట్టి బెదిరించినా, షాడోని ఎన్ని దేశాల్లో బంధించినా, పాఠకుడికి లోపల బెంగ లేదు. వచ్చే నెల మళ్లీ వస్తారు. ఆ భరోసాయే సిరీస్‌కి ప్రాణం. ఇన్ని దశాబ్దాల్లో ఆ స్థాయిలో జనం నోట నానిన మహిళా డిటెక్టివ్ పేరు ఒక్కటి చెప్పమంటే సభ నిశ్శబ్దమవుతుంది. ఆ నవలల్లో ఆడవాళ్లు లేకపోలేదు. హంతకులుగా ఉన్నారు, శవాలుగా ఉన్నారు, కిడ్నాప్ అయినవాళ్లుగా ఉన్నారు, ముఖచిత్రం మీద తప్పనిసరిగా ఉన్నారు. పుస్తకం మారగానే వాళ్లూ మారిపోయారు.

ఇది విచిత్రం, ఎందుకంటే సరిగ్గా అదే కాలంలో తెలుగు నవలని ఏలింది స్త్రీలే. 1960ల నుంచి 80ల దాకా వారపత్రికల సీరియళ్లలో ఎక్కువగా రాసేదీ ఆడవాళ్లే, ఎదురుచూసేదీ ఆడవాళ్లే. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జయంతికి ఉద్యోగం ఉంది, ఆత్మాభిమానం ఉంది, ఎదుటివాడు ఎంత గొప్పవాడైనా మాట పడని తనం ఉంది. ఆ నవలలను తీసిపారేసే విమర్శతో నాకు ఏకీభావం లేదు. అయితే జయంతికి రెండో పుస్తకం లేదు. కథ పెళ్లి దగ్గరికి చేరుతుంది, అక్కడ ఆగుతుంది. ఈ తేడాకి కారణం రచయితల ఊహలో కంటే అమ్మకం తీరులో ఎక్కువుందని నా అభిప్రాయం. మగ డిటెక్టివ్ నవల పాత్ర పేరుతో అమ్ముడుపోయింది. కొట్లో అడిగేవాళ్లు ‘కొత్త షాడో వచ్చిందా’ అనేవారు. స్త్రీల నవల రచయిత్రి పేరుతో అమ్ముడుపోయింది. అక్కడ ‘కొత్త యద్దనపూడి’ కావాలి. ఒకచోట కొనసాగింపు పాత్రకు దక్కింది, మరోచోట రచయిత్రికి దక్కింది. పైగా వారపత్రికకి సీరియల్ అయిపోగానే కొత్త బొమ్మతో, కొత్త పేరుతో, కొత్త కథానాయిక కావాలి. పాత ఆమెను మళ్లీ పిలిచే ఏర్పాటు ఆ వ్యాపారంలోనే లేదు.

సినిమా కూడా ఇదే చేసింది, ఇంకాస్త బాహాటంగా. యండమూరి నవల ‘ఆఖరి పోరాటం’ 1988లో తెరకెక్కినప్పుడు శ్రీదేవి సీబీఐ అధికారిణి. 1990లో ‘కర్తవ్యం’ వచ్చింది. విజయశాంతి పోషించిన ఐపీఎస్ అధికారిణి వైజయంతి తెలుగు ప్రేక్షకుడి కళ్లముందు కొత్త ఆడమనిషిని నిలబెట్టింది. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. దేశంలో తొలి మహిళా ఐపీఎస్ అధికారిణిగా కిరణ్ బేడీ 1972లో చేరాక పద్దెనిమిదేళ్లకు ఆ ఛాయ మన తెర మీద పడింది. మరి వైజయంతి తర్వాతి కేసు ఏమిటి? తెలియదు. ‘పోలీస్ లాకప్’ వచ్చింది, ‘ఒసేయ్ రాములమ్మా’ వచ్చింది. ప్రతిసారీ కొత్త పేరు, కొత్త పగ, మళ్లీ మొదటినుంచీ అవమానం. నటి కొనసాగింది, పాత్ర కొనసాగలేదు. ఒక ఆడమనిషి బలవంతురాలని ప్రతి సినిమాలోనూ కొత్తగా రుజువు చేయాల్సి రావడమే ఆ బలాన్ని మనం ఇంకా నమ్మలేదనడానికి సాక్ష్యం. షాడో బలవంతుడని పదో నవల్లో ఎవరూ రుజువు అడగలేదు.

బయట ఏం జరిగిందో చూస్తే, అక్కడా ఇది తేలిగ్గా జరగలేదు. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌ని 1930లో తొలి నవలలో దింపింది. అల్లిక పట్టుకుని కూర్చునే ముసలావిడ; హంతకుణ్ణి చూసి, తన ఊళ్లో ఒకప్పుడు ఫలానా పని కుర్రాడు ఇలాగే చేశాడని గుర్తుచేసుకుని కేసు విప్పే మనిషి. ఆమె ఆయుధం ఊరి జ్ఞాపకం. అయితే ఆమె పెళ్లికాని వృద్ధురాలు కనుక సంసారం అడ్డు రాలేదు. వయసులో ఉన్న, జీతానికి పనిచేసే ఆడ డిటెక్టివ్‌ని 1972లో పి.డి. జేమ్స్ సృష్టించింది, కార్డీలియా గ్రే ఆమె పేరు, ఈ పని ఆడవాళ్లకు తగదన్న మాటనే ఆ నవలకు శీర్షిక చేసింది. అదే రచయిత్రి మగ డిటెక్టివ్ డాల్‌గ్లీష్‌కి 14 నవలలు ఇచ్చి, కార్డీలియాకి రెండంటే రెండే ఇచ్చింది. కనుక ఈ లోపం తెలుగువాళ్లదే అనుకోనక్కర్లేదు.

మలుపు 1982లో వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలో ఇద్దరు రచయిత్రులు తమ సిరీస్‌లు మొదలుపెట్టారు. బీమా కంపెనీలో పనిచేసిన సారా పారెట్‌స్కీ, షికాగోలో ఆర్థిక నేరాలు తవ్వే వి.ఐ. వర్షాస్కీని తెచ్చింది. స్యూ గ్రాఫ్టన్, ఇంగ్లిష్ అక్షరమాల వరసలో ఒక్కో అక్షరానికి ఒక్కో నవల అని పూనుకుని, కిన్సీ మిల్‌హోన్‌ని తెచ్చింది. కిన్సీని కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఆమె జుట్టు గోళ్ల కత్తెరతో తానే కత్తిరించుకుంటుంది. ఎక్కడికైనా మర్యాదగా వెళ్లాలంటే నలగని నల్ల గౌను ఒక్కటే ఉంది. కేసులో తెలిసిన ప్రతి ముక్కనూ చిన్న అట్టకార్డుల మీద రాసుకుని, వాటిని పేకముక్కల్లా కలిపి, వరస మార్చి మార్చి పేరుస్తుంది. ఒక వరసలో కనిపించని అబద్ధం ఇంకో వరసలో బయటపడుతుంది. మొదటి పుస్తకంలోనే ఆమె ఒక మనిషిని చంపాల్సి వస్తుంది. ఆ బరువు ఆ పుస్తకంతో దిగిపోదు. 1982 నుంచి 2017 దాకా 25 నవలలు వచ్చాయి. చివరి అక్షరం మిగిలి ఉండగానే రచయిత్రి కన్నుమూసింది. ముప్ఫై అయిదేళ్లలో కిన్సీ వయసు ముప్ఫై రెండు నుంచి ముప్ఫై తొమ్మిదికి మాత్రమే పెరిగింది. అయినా ఆమెకు అద్దె ఇంటి యజమానితో స్నేహం పెరిగింది, కుటుంబం ఉందని ఆలస్యంగా తెలిసింది, ప్రేమలు వచ్చాయి, పోయాయి. వాటిలో ఏదీ కథకు శుభం కార్డు కాలేదు. బోట్స్వానా నేపథ్యంతో 1998లో మొదలైన సిరీస్‌లో ప్రెషస్ రామోత్స్వే తండ్రి వదిలివెళ్లిన పశువులను అమ్మి డిటెక్టివ్ ఏజెన్సీ పెడుతుంది. పెళ్లి చేసుకుంటుంది, ఆ తర్వాతా ఆఫీసు తెరుస్తుంది. గొడ్డూగోదా అమ్మి పిల్లల చదువుకో కొట్టు పెట్టుబడికో వెచ్చించే మన పల్లెల్లో ఆ మొదటి అధ్యాయానికి వివరణ అక్కర్లేదు.

ఇలాంటి సిరీస్ తెలుగులోనూ రావాలంటే, ఇవి ఎక్కడివో కథలు, మన నేలకు అతకవు అని మొదటి అభ్యంతరం. సూర్యాపేటలో నిలబడి ఆ మాట అనడం నాకు వింతగా అనిపిస్తుంది. మారుపేర్లు, రహస్య కబుర్లు, రాత్రిళ్లు స్థావరాలు మార్చడం, తల మీద వెల, ఇవన్నీ థ్రిల్లర్ సామగ్రి అనుకుంటే, తెలంగాణ సాయుధ పోరాటం జరిగిన 1946 నుంచి 1951 దాకా ఈ తాలూకాల్లో ఆడవాళ్లు ఆ సామగ్రితోనే బతికారు. కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం, నిండా ఇరవై ఏళ్లు రాకముందే దళాన్ని నడిపింది. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలని నిజాం ప్రభుత్వం వెల కట్టింది. ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో స్త్రీశక్తి సంఘటన 1980లలో సేకరించిన మాటలు చదివినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. పోరాటం జరిగినన్నాళ్లూ కబురు మోయడానికి, తుపాకి పట్టడానికి పనికొచ్చిన ఆడవాళ్లని, పోరాటం ఆగగానే ఇళ్లకు వెళ్లమన్నారు. ఆ పుస్తకం నిండా పరుచుకున్న నొప్పి జైలుదీ లాఠీదీ మాత్రమే అయితే అది మామూలు వీరగాథ అయ్యేది. ‘తర్వాత మేం ఏం కావాలి’ అన్న ప్రశ్న దాన్ని వేరే పుస్తకం చేసింది. చరిత్ర కూడా వాళ్లకు రెండో పుస్తకం ఇవ్వలేదన్నమాట. స్వరాజ్యం మాత్రం తనకు తానే ఇచ్చుకుంది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది, మద్యానికి వ్యతిరేకంగా పల్లెలు తిరిగింది, 2022 మార్చిలో పోయేదాకా సభల్లో మాట్లాడుతూనే ఉంది. కల్పనలో అలాంటి మనిషిని పెడితే అతిశయోక్తి అంటారు.

రెండో అభ్యంతరం తిరుగాడే స్వేచ్ఛ గురించి, ఇది మరింత గట్టిది. డిటెక్టివ్ అంటే వెళ్లగలిగిన మనిషి. కిన్సీకి కారుంది, రామోత్స్వేకి పాత తెల్ల వ్యాను ఉంది. రాత్రి తొమ్మిది దాటితే ఆడపిల్ల ఎక్కడుందని ఇంటిల్లిపాదీ ఫోన్లు చేసే చోట, ఆమె అనుమానితుణ్ణి వెంబడించడం నమ్మేలా ఉంటుందా? ఉండదు. అందుకే అలాంటి నవల ఇక్కడ ఇంకా బాగుంటుంది. అడ్డంకి లేని చోట కథ లేదు. వెళ్లడానికి ఒక సాకు, తిరిగి రావడానికి ఒక బస్సు, దార్లో ఎదురయ్యే చుట్టం, ఇవన్నీ కథనంలో భాగమవుతాయి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. అది రాజకీయంగా మంచిదా కాదా అన్న వాదం ఇక్కడ నాకు అనవసరం గానీ, నవలాకారుడు దాన్ని పట్టించుకోకపోతే మాత్రం పొరపాటే. కోదాడలో ఉదయం, మిర్యాలగూడలో మధ్యాహ్నం, సాయంత్రానికి సూర్యాపేట అన్న ప్రయాణం ఇవాళ ఒక ఆడమనిషికి జేబులో పైసా లేకుండా సాధ్యం. దాన్ని పరిశోధనకు వాడుకునే కథానాయికను ఎవరో ఒకరు రాయాలి.

మూడో అభ్యంతరాన్ని తప్పించుకుపోవడం నిజాయితీ కాదు. ఈ సాహిత్యం ఆడవాళ్ల శవాల మీద బతుకుతుందనీ, నిజమైన బాధను వినోదం చేస్తుందనీ అంటారు. మిర్యాలగూడ పేరు పలికాక ఈ మాటకు ఆచితూచి జవాబు చెప్పాలి. 2018 సెప్టెంబర్‌లో, వేరే కులపు అమ్మాయిని పెళ్లాడిన దళిత యువకుణ్ణి, గర్భిణి అయిన ఆమెతో కలిసి ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా పట్టపగలు నరికేశారు. కిరాయి మాట్లాడి చంపించింది ఆమె తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. చంపినవాణ్ణి వారం తిరక్కముందే బీహార్‌లో పట్టుకున్నారు. మామూలు థ్రిల్లర్ అక్కడితో అయిపోతుంది. ప్రధాన నిందితుడైన తండ్రి 2020లో చనిపోయాడు. అదే ఏడాది ఈ ఘటన మీద సినిమా కూడా వచ్చేసింది. దాని మీద వివాదం కోర్టుకెక్కింది. నల్లగొండ ప్రత్యేక కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది: ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం. పట్టుకోవడానికి వారం, తేలడానికి ఆరున్నరేళ్లు. ఆ ఆరున్నరేళ్లలో ఆమె బిడ్డను కన్నది, పెంచింది, ఊరి మాటలు పడింది. వినోదం చేసుకున్నారన్న ఆరోపణ నూటికి నూరుపాళ్లు నిజమయ్యేది వారం రోజుల కథ చెప్పేవాళ్ల విషయంలో. మిగతా ఆరేళ్లను పట్టుకునే రూపం కల్పనలో ఏదైనా ఉంటే అది సిరీస్. మొదటి పుస్తకంలో అరెస్టు, రెండో దాంట్లో ఎదురుతిరిగిన సాక్షి, మూడో దాంట్లో రాజీకి వచ్చే పెద్దమనుషులు. బాధితురాలు అప్పటికి వయసులోనూ తెలివిలోనూ పెరిగి ఉంటుంది. అసలు మనుషుల పేర్లు, ముఖాలు తీసుకుని చేసే సొమ్మును నేను సమర్థించను. వాళ్ల అనుభవానికి ఎంత కాలం పట్టిందో ఆ కాలాన్ని కల్పనలో గౌరవించమంటున్నాను.

ఇంకో సంఘటన కూడా పాత నల్లగొండ జిల్లాదే. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ ప్రాంతంలో, 2015లో కనిపించకుండా పోయిన పదకొండేళ్ల పాపకు ఏమైందో 2019లో మరో ఇద్దరు అమ్మాయిల మరణాలు బయటపడ్డాక గానీ తెలియలేదు. ఆనవాళ్లు పాడుబడ్డ వ్యవసాయ బావుల్లో దొరికాయి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు దోషికి మరణశిక్ష వేసింది. ఇక్కడ పాఠకుడిగా నన్ను కలవరపెట్టేది ఆ నాలుగేళ్లు. ఆడపిల్ల కనిపించకపోతే ‘ఎవడితోనో పోయింది’ అనేసి వెతకడం మానేసే సమాజానికి, కనిపించని ఆడపిల్ల కోసం వెతకడమే వృత్తిగా ఉన్న ఆడమనిషి కథ అవసరం. 2023లో హిందీలో వచ్చిన ‘దహాడ్’ సిరీస్ సరిగ్గా దీన్నే పట్టుకుంది. లేచిపోయారని వదిలేసిన ఆడపిల్లల జాబితాను ఒక ఎస్సై మళ్లీ తెరుస్తుంది. కథానాయికకు కండబలం కంటే ఫైలు మూయనివ్వని మొండితనం ఎక్కువ ఉపయోగపడింది.

అయితే పోలీసు యూనిఫామ్ వేసిన ఆడమనిషిని మెచ్చుకుంటూ పోతే, చివరికి పోలీసులనే మెచ్చుకోవడం అవుతుందని మరో మాట ఉంది. ఈ అనుమానం సగం సరైనదే. 2019 డిసెంబర్‌లో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన రోజు రోడ్ల మీద పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ కట్టుకథ అని 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పాక పూలు చల్లినవాళ్లు ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు. ఒకే దెబ్బతో ముగిసే కథకు మనం ఎంత అలవాటు పడ్డామో ఆ పూలు చెబుతాయి. ‘ఢిల్లీ క్రైమ్’ సిరీస్ 2019లో వచ్చినప్పుడు డీసీపీ వర్తికా చతుర్వేది పాత్రనూ పోలీసుల ప్రచారమే అన్నారు. 2022లో వచ్చిన రెండో సీజన్‌లో అదే వర్తిక, నేరస్థులనే ముద్ర వేసి ఒక తెగ మనుషులను పట్టుకురమ్మనే పై ఒత్తిడి ముందు నిలబడాల్సి వచ్చింది. మొదటి సీజన్‌లో వ్యవస్థ బలంతో గెలిచిన మనిషి రెండో దాంట్లో ఆ వ్యవస్థతోనే తగాదా పడింది. ఒకే కథలో అయితే ఆమె వీరవనితగానే మిగిలేది. సిరీస్ ఆమెను ఇరకాటంలో పెట్టింది.

సూత్రానికి కట్టుబడి రాసేది సాహిత్యం కాదన్న పాత విమర్శకు ఎక్కువ సమయం ఇవ్వను. హరికథకూ సూత్రం ఉంది, శతకానికి మకుటం ఉంది. వాటిని సాహిత్యం కాదన్నవాళ్లు లేరు. డిటెక్టివ్ నవలలో మళ్లీ మళ్లీ వచ్చేది నిర్మాణం. ఆ నిర్మాణం తెలిసి ఉండటం వల్లే పాఠకుడి కన్ను వివరాల మీదికి పోతుంది: ఎవరు ఏ వేళకు ఎక్కడున్నానన్నారు, ఎవరి మాట ఎవరి మాటతో కలవలేదు, ఏ కాగితం మీద తేదీ మారింది. వడ్ల కాంటా దగ్గర తూకం చీటీ, చిట్టీల పుస్తకం, భూమి పట్టా, ఆడపిల్ల పేరున రాసిన పసుపుకుంకుమల కాగితం, ఇవి చదవగలిగిన ఆడమనిషిని మోసం చేయడం కష్టం. మిర్యాలగూడ మిల్లుల మధ్య, సాగర్ ఎడమ కాలువ కింద, రాష్ట్ర సరిహద్దు కోదాడ పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో డబ్బు, ధాన్యం, లారీలు కదిలినంత వేగంగా కథలు కూడా కదులుతాయి. పారెట్‌స్కీ షికాగో బీమా లెక్కల్లో చూసిన నేరాన్ని మనవాళ్లు బియ్యం లెక్కల్లో చూడగలరు. చూసే మనిషి ఆడమనిషి అయితే, మిల్లులో ఆమెను కూర్చోమనేవాడు ఎవడు, నిలబెట్టి మాట్లాడేవాడు ఎవడు అన్నది కూడా ఆధారమే అవుతుంది.

ఇక ఓటీటీ కాలంలో చదివేదెవరు అన్న ప్రశ్న. తెర మీద సిరీస్ ఎంత బాగున్నా, నటికి వేళ కుదరాలి, పెట్టుబడి తిరిగి రావాలి, వేదిక ఒప్పుకోవాలి. నవలకు కాగితం చాలు. ఏడాదికి ఒకటిగా పాతికేళ్లు ఒక ఆడమనిషిని బతికించగల చవకైన సాధనం ఇప్పటికీ పుస్తకమే. ఆ పుస్తకాలు మన చేతికి అందే తీరులో ఒక దిద్దుబాటు అవసరం. సిరీస్‌లో మూడోదీ ఏడోదీ మాత్రమే అరలో పెట్టే అలవాటు వల్ల ఆ కథానాయిక మళ్లీ విడివిడి ఆడమనుషులుగా చీలిపోతుంది. మొదటి పుస్తకంలో తగిలిన గాయం తెలియని పాఠకురాలికి ఏడో పుస్తకంలో ఆమె జంకు అర్థం కాదు. స్మారక సమితి ఈ ఏడాది గ్రంథాలయానికి పుస్తకాలు కొనిస్తానని ప్రకటించింది. పేర్లు ఎన్ని తగ్గినా ఫరవాలేదు, ఏదైనా ఒక సిరీస్‌ను మొదటి పుస్తకం నుంచి వరసగా, ఒక్కటీ వదలకుండా కొనమని, వెన్ను మీద వరస సంఖ్య అంటించి పక్కపక్కనే పేర్చమని కోరుతున్నాను. తెలుగులో అలాంటి సిరీస్ రాయడానికి పూనుకునే రచయిత్రి కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో ఉంటే, మొదటి నవలకు బహుమతి ఇచ్చి సరిపెట్టవద్దు. ఆ బహుమతి రెండో నవల అచ్చయిన రోజున ఇవ్వండి.